దాహం తీరని గచ్చు

"ముగ్గురేనా? మణికూట రాజ్యం మొత్తం గాలిస్తే పలకలు పరిచే మేస్త్రులు ముగ్గురే దొరికారా?"

రక్తశిల కోట వాకిట్లో దళవాయి గండమయ్య పలికిన స్వాగతం ఇది. ఆయన నడుముకు ఒక పక్క కత్తి, ఇంకో పక్క పోకల సంచి వేలాడుతుంటాయి. ఎప్పుడు చూసినా పోక నములుతూనే ఉంటాడు, నమలనప్పుడు ఎవరినో ఒకరిని తిడుతూ ఉంటాడు. ఆ ఉదయం రెండు పనులూ ఒకేసారి చేస్తున్నాడు.

ముగ్గురిలో చివరన నిలబడ్డవాడికి తల నున్నగా గొరిగి ఉంది. ఎడమ కంటికి గుడ్డ కట్టి ఉంది.

"నీ కన్నేమైందిరా?"

"సున్నం చిందింది దొరా."

"పేరు?"

"కాటడు. నీలవరం మాది."

పేరు అబద్ధం, ఊరు అబద్ధం, గుడ్డ కింద కన్ను శుభ్రంగా ఉంది. అతడి అసలు పేరు మారప్ప. మణికూటంలో పింగాణీ పలకలు కాల్చే ఆవంపేట వాడు. మూడు నెలల కిందట అతడి అన్న భద్రప్ప ఇదే కోటకు, ఇదే పనికి గుత్త ఒప్పుకుని వచ్చాడు. తల్లీ తండ్రీ పోయాక తమ్ముణ్ణి భుజాన మోసి పెంచి, చేతికి తాపీ ఇచ్చి పని నేర్పినవాడు భద్రప్ప. వచ్చేటప్పుడు తమ్ముడి తాపీ పిడి విరిగి ఉండటం చూసి, "తిరిగొచ్చాక దీనికి చండ్రకర్ర పిడి వేయిస్తానురా" అని చెప్పి మరీ బయలుదేరాడు. తిరిగి రాలేదు. నెల గడిచాక, పని చేతగాక మీవాడు పారిపోయాడని కోటనుంచి కబురు వచ్చింది. ఆ మాట విన్న రోజు మారప్పకు ఒళ్ళంతా మండిపోయింది. అన్న దారి తప్పి ఉండొచ్చు, చచ్చిపోయి ఉండొచ్చు. పని సగంలో వదిలి పారిపోవడం మాత్రం భద్రప్ప వల్ల కాదు.

అందుకే కోటవాళ్ళు మళ్ళీ మేస్త్రుల కోసం దండోరా వేయించగానే, తల గొరిగించుకుని, అన్నను వెతకడానికి శత్రువు గడపలోనే పనికి చేరడానికి వచ్చాడు. నిజానికి ఆ కోటలో గడప కూడా లేదు. కొలువుకూటం వాకిలి దగ్గర ఉండాల్సిన గడపను ఎవరో పెళ్ళగించేశారు. వచ్చేవాడికి కాలు తట్టుకుంటే ఒక్క క్షణం ఆగుతాడు, ఆగితే ఆలోచిస్తాడు. ఆ కూటానికి ఆలోచించే అతిథులు పనికిరారు.

భటులు ముగ్గురి ఒళ్ళూ తడిమి, తోలుతిత్తుల్లో నీళ్ళు నేలమీద గుమ్మరించి లోపలికి తోశారు.

ఏమని చెప్పాలి ఆ కూటం సొగసు! పదహారు నల్లరాతి స్తంభాలు, స్తంభాల నడుమ మూరెడు మూరెడు చదరపు పలకలు మూడువందలు. నెమలికంఠం నీలం ఒకటి, పసుపుకొమ్ము రంగు ఒకటి, దానిమ్మగింజ ఎరుపు ఒకటి. ప్రతి పలకమీదా ఒక మనిషి బొమ్మ. డాలు పట్టిన సైనికులు, మూట నెత్తిన పెట్టుకున్న వర్తకులు, గజ్జె కట్టిన నర్తకి, గుర్రం మీద యువకుడు. కనురెప్పల వెంట్రుకలు కూడా లెక్కపెట్టొచ్చు. గచ్చు నట్టనడుమ ఒక్క పలక మాత్రం తెల్లగా, బొమ్మ లేకుండా ఉంది. ఇంత అందమైన గచ్చూ కుదురుగా లేదు. ఎక్కడ చూసినా పలకలు లేచి, వంగి, అడుగు పడితే టకటకమంటున్నాయి.

ఎదురుగా మూరెడెత్తు వేదికమీద కూర్చున్నాడు మాంత్రికుడు ధూమకంఠుడు. నోరు తెరిస్తే మాటకంటే ముందు పొగ వస్తుంది.

"మూడో నాటి మిట్టమధ్యాహ్నానికి ఈ గచ్చు కొండలా కదలకుండా ఉండాలి. ఒక్క పలక కదిలినా నా మంత్రం పారదు. ఇంతకుముందు వచ్చిన వెధవలంతా గుగ్గిలం, ఆముదం కలిపి అతికారు. ఎండెక్కేసరికి అది కరుగుతోంది, ఇవి లేస్తున్నాయి. చెప్పండి, ఎలా అతుకుతారు?"

ముగ్గురిలో పెద్దవాడైన ముసలి మేస్త్రి ఒంగి ఒక పలక ఎత్తి, వెనక భాగం బొటనవేలితో రుద్ది చూసి నవ్వాడు. "అయ్యా, ఇది పొడిమట్టి. పలకకు దాహం తీరందే గచ్చు నిలవదు. రెండు జాములు నీళ్ళలో నానాలి. తొట్టి ఎక్కడ పెట్టిస్తారు?"

లోకంలో ఏ మేస్త్రి అయినా అడిగే మొదటి ప్రశ్నే అది. నానని పలకను సున్నంమీద పెడితే సున్నంలో తడినంతా అదే తాగేస్తుంది, సున్నం బూడిదలా రాలిపోతుంది. ముసలాయన నలభై ఏళ్ళుగా అడుగుతున్నట్టే అడిగాడు.

"నీళ్ళా?" ధూమకంఠుడు లేచాడు. మంత్రదండం చివర ముసలాయన భుజానికి తగిలింది. పాదాలనుంచి పైకి గాజుమెరుపు పాకింది. కెవ్వుమనే లోపే మనిషి పలచబడి, చదునై, నేలమీద ఠంగున పడ్డాడు. నీలం పలకమీద నోరు తెరిచిన ముసలి మేస్త్రి బొమ్మ!

రెండోవాడు వాకిలివైపు పరుగెత్తాడు. నాలుగు అంగలు వేశాడో లేదో దండం వాడి వెన్ను తాకింది. పరుగెత్తుతున్న మనిషి బొమ్మతో పసుపు పలక ఒకటి దొర్లుకుంటూ వెళ్ళి స్తంభానికి ఆనుకుంది.

మారప్ప కిందపడ్డ రెండు పలకలనూ మార్చి మార్చి చూశాడు. అన్న పారిపోలేదు. తొట్టి ఎక్కడని అడిగి ఉంటాడు, అంతే. అంటే ఈ మూడువందల్లో ఎక్కడో అన్న పడి ఉన్నాడు!

"నువ్వు?" అన్నాడు ధూమకంఠుడు. "నీకూ తొట్టి కావాలా?"

"తొట్టి ఎందుకు? చేతగానివాళ్ళకు కావాలి తొట్టి" అన్నాడు మారప్ప, భయాన్ని కోపంగా మార్చి. "గుగ్గిలంలో ఇటుకపొడి కలపకుండా అతికితే ఎండకు కరగక ఏం చేస్తుంది? ఇటుకపొడి ఇవ్వండి, మూడు రోజుల్లో ఇస్తాను. కానీ నా షరతులు నాకున్నాయి. పని అయ్యేదాకా నేను తప్ప ఒక్క పురుగు కూడా గచ్చు తొక్కకూడదు. వాకిలి బయట కాళ్ళు కడుక్కునే మెట్టు పలకలూ నేనే వేస్తాను, వేరేవాడి పని పక్కన నా పని పెట్టను. గచ్చు దిగే రోజు, అంటే పని అప్పగించే రోజు, మొదటి అడుగు మేస్త్రిది. నోరు పుక్కిలించి, వాకిలినుంచి యజమాని పీట దాకా నేను నడిచాకే ఎవరైనా నడవాలి. మా వాళ్ళ ఆచారం అది."

గండమయ్య కత్తి సగం దూశాడు. "ఏరా, మా ప్రభువుకే షరతులు పెడతావా? నాలుక కోస్తాను!"

"కోసుకో. తర్వాత గచ్చు నువ్వే వెయ్యి. వంగడానికి ఆ బొజ్జ అడ్డం రాకపోతే!"

ధూమకంఠుడు పగలబడి నవ్వాడు. కూటమంతా పొగ కమ్మింది. "నడువు, నడువు. మొదటి అడుగూ నీదే, నా ఎదుట చివరి అడుగూ నీదే" అన్నాడు. తనకు రాబోయే గతి ఆ మాటలోనే ఉందని మారప్పకు అర్థమైంది. అర్థం కానట్టు తల ఊపాడు. వీడికి నీళ్ళంటే ఎందుకంత కోపమో ఇంకా తెలియదు, నీళ్ళు వచ్చే చోటు మాత్రం తన చేతిలో ఉండాలనే ఆ షరతులు పెట్టాడు.

పని మొదలైంది. బయట కుంపట్లమీద గుగ్గిలం ఉడుకుతుంటే లోపల మారప్ప ఒక్కొక్క పలకే ఎత్తి, వెనక అంటిన పాతజిగురు గీకుతున్నాడు. వాకిలి దగ్గర గండమయ్య పీట వేసుకు కూర్చుని, పోక నములుతూ, పలక పలకకూ ఒక తిట్టు చొప్పున అందిస్తున్నాడు. ఒంటికన్ను గాడిదా అన్నాడు. తాబేలు నీకంటే నయం అన్నాడు. మధ్యాహ్నానికి తిట్లు అయిపోయి మొదటినుంచి మళ్ళీ అందుకున్నాడు.

రెండో జాము దాటాక దొరికింది ఆ పలక. దానిమ్మ ఎరుపు. పక్క పలకలకంటే రెండింతలు ఎత్తు లేచి ఉంది. బొమ్మలో మనిషి కుడిచేత్తో తాపీ పట్టుకున్నాడు, ఆ చేతి ఉంగరపువేలు సగమే ఉంది. పదేళ్ళ కిందట పలక కోస్తుంటే తెగిన వేలు అది. తెగిన వేలికి గుడ్డ కట్టింది మారప్పే. భుజంమీదుగా పలకకు ఒక పగులు వారింది. ఎవరో దండంతో కొట్టి అణచడానికి చూసినట్టున్నారు.

మారప్పకు ఏడుపు ముంచుకొచ్చింది. వాకిలివైపు వీపు తిప్పి, పలక బోర్లించి, గీకుతున్నట్టు వంగాడు. కంటినుంచో నుదుటినుంచో ఒక చుక్క పూతలేని వెనక మట్టి మీద పడింది. సుయ్‌మని ఒక చిన్న చప్పుడు. చుక్క మాయమైంది. పలక తిప్పి చూశాడు. బొమ్మలో అన్న కనురెప్ప ఒక్కసారి వాలి, మళ్ళీ లేచింది!

అతడి చేతుల్లోంచి పలక జారబోయింది. ఇదా సంగతి! ఇందుకా ఈ దుర్మార్గుడికి నీళ్ళంటే అంత భయం! పైన గాజుపూత మీద ఎన్ని నీళ్ళు పోసినా దొర్లిపోతాయి. పలక తాగేది వెనకనుంచి, అంచులనుంచి. నీళ్ళు సందుల్లో దిగితే మట్టి తాగుతుంది, మట్టి తాగితే మనిషి లేస్తాడు.

"ఏంట్రా ఆగావు?" అరిచాడు గండమయ్య.

"నీ గొంతు విని జిగురు గడ్డకట్టింది దొరా, గీకుతున్నా."

పుక్కెడు నీళ్ళు చాలు అన్న లేవడానికి. కానీ లేస్తే? ఇద్దరు తాపీమేస్త్రులు, వాకిలినిండా ఈటెలు. నాలుగు అడుగులు కూడా వెయ్యనివ్వరు. అందరూ లేస్తే వేరు. ఈ బొమ్మల్లో నూటికి పైగా డాళ్ళున్నాయి. ఆరు నెలల కిందట సేనతో వచ్చి మాయమైన మణికూటం యువరాజు మనుషులు వాళ్ళు, గుర్రం మీద ఉన్నవాడు యువరాజే. ఇక ఎల్లుండి మధ్యాహ్నం ఎవరు వస్తున్నారో కాసేపటికి గండమయ్యే భటులతో అంటుంటే చెవిన పడింది. కొడుకును విడిపించుకోవడానికి ముసలిరాజు కుంతలసేనుడు వచ్చి ధూమకంఠుడికి మోకరిల్లుతాడట. బొమ్మలేని తెల్లపలక ఆయన కోసమే ఎదురుచూస్తోంది. ఆ రాజుది మొండి నియమం. ఏ ఇంట అడుగు పెట్టాలన్నా ఏడు నదుల నీళ్ళు ఏడు గంగాళాల్లో బండ్లమీద వెంట వస్తాయి, వాటితో వాకిట్లో కాళ్ళు కడిగించుకుంటేనే లోపలికి వస్తాడు. వాకిలి మెట్టు బయటికే వాలి ఉంది కనుక మాంత్రికుడికి ఆ నీళ్ళ బెంగ లేదు.

మెట్టు ఎటు వాలాలో చెప్పేది మేస్త్రి.

నీళ్ళు పోయే వాటానికి, అంటే వాలుకు, బారకు చిక్కుడుగింజంత తేడా చాలు, కంటికి కనిపించదు. నీళ్ళకు మాత్రం తెలుస్తుంది. మారప్ప దారం కట్టి, గుండు వేలాడదీసి, మెట్టు దగ్గర జిగురు మందంగా, వేదిక దగ్గర పలచగా వేసుకుంటూ వచ్చాడు. జన్మలో ఏ మేస్త్రీ చెయ్యని తప్పు, వాకిలి నీళ్ళు ఇంట్లోకి వచ్చే వాటం, అంత శ్రద్ధగా చేసినవాడు ఇంకొకడు ఉండడు. పలకల సందులు గుగ్గిలంతో పూడ్చలేదు. ఇటుకపొడిలో పొడిసున్నం కలిపి, తెల్లగా, నిండుగా కనబడేటట్టు పైపైన నింపాడు.

రెండో రోజు సాయంత్రానికి కూటం దాదాపు పూర్తయింది. అప్పుడు వేదికమీదనుంచి ధూమకంఠుడు దండం చాపాడు. "ఆ పగుళ్ళ ఎర్రపలక! మూడు నెలలుగా అందరికంటే ఎక్కువ ఎగిరిపడుతోంది. దాన్ని తెచ్చి ఇక్కడ, నా కాలికింద అతుకు. తొక్కిపెట్టుకుని కూర్చుంటాను."

వేదిక మూరెడెత్తు. కింద ఏడు గంగాళాలు పారినా పైకి ఎక్కవు. కాదంటే చావు. అన్నను రెండు చేతులా ఎత్తుకుని మెట్లెక్కాడు. వీడి పాదం కింద, తన చేత్తో, అన్నను పడుకోబెట్టి నాలుగు మూలలా నొక్కాడు. జీవితంలో అంత అసహ్యమైన పని అతడు చెయ్యలేదు. పగుల్లో గుగ్గిలం పొయ్యమన్నాడు మాంత్రికుడు. మారప్ప పొడే నింపి, పైన రంగు అద్దాడు. వేసిన ప్రతి పలకనూ వేలి కణుపుతో తట్టి, డొల్లచప్పుడు వస్తుందేమో వినడం మేస్త్రికి శ్వాసలాంటిది. అక్కడ మాత్రం తట్టలేదు. మాంత్రికుడి పాదం అప్పుడే పలకమీద దిగింది.

మూడో రోజు పొద్దెక్కాక ధూమకంఠుడు గచ్చు తొక్కకుండా చుట్టూ తిరిగి, పొడుగాటి దండంతో మూడువందల పలకలూ తట్టాడు. ఖణ్, ఖణ్, ఖణ్. ఒక్కటి డొల్ల లేదు. పగవాడికి చేసినా పని పనే కదా, మారప్ప చేతికి చెడ్డపని రాదు. మాంత్రికుడు తృప్తిగా వెళ్ళి వేదికెక్కాడు.

గండం ఆ తర్వాత వచ్చింది. వాకిలి దగ్గర గండమయ్య సంచిలోంచి గుండ్రటి పోక ఒకటి జారి, మెట్టుమీద పడి, లోపలికి దొర్లింది. దొర్లి దొర్లి, ఆగకుండా, వేదిక అడుగున ఠక్కున తగిలి ఆగింది.

గండమయ్య నమలడం ఆపాడు. "ఇదేంట్రా, లోపలికి పోతోంది?"

"నువ్వు లోపలికి పడేస్తే బయటికి పోతుందా?"

"ఉండు." దళవాయి ఇంకో పోక తీశాడు. బుద్ధిమంతుడిలా వంగి, మెట్టుమీద నెమ్మదిగా పెట్టబోయాడు. వదిలితే అన్నీ బయటపడతాయి. మారప్ప చెయ్యి నడుమున ఉన్న తాపీ మీదికి పోయింది, నోరు అంతకంటే వేగంగా పోయింది.

"ఎంగిలి! ఎంగిలి పోక! రసం అంటితే ఆ మరక చచ్చినా పోదు! ప్రభూ, మీ దళవాయి గచ్చుమీద ఉమ్ముతున్నాడు!"

"గండమయ్యా!" వేదికమీదనుంచి పొగ ఎగసింది.

దళవాయి పోకతో పాటు నోట్లో ఉన్న రసం కూడా గుటుక్కున మింగి, పది అడుగులు వెనక్కి గెంతాడు. కళ్ళనీళ్ళు తిరిగి దగ్గుతూనే, "గచ్చు దిగనివ్వరా, నీ సంగతి చెబుతా" అని పళ్ళు కొరికాడు.

మిట్టమధ్యాహ్నం బూరలు ఊదారు. ముసలిరాజు కుంతలసేనుడు పల్లకి దిగాడు. వెనక ఎద్దులు ఏడు బండ్లమీద ఏడు గంగాళాలు ఈడ్చుకొచ్చాయి. కొడుకు కోసం వచ్చిన తండ్రి ముఖం చూడలేక మారప్ప కళ్ళు దించుకున్నాడు. ఆచారం ప్రకారం మొదటి గంగాళంలోంచి దోసిలితో నీళ్ళు తీసి నోట పోసుకున్నాడు, పుక్కిలించాడు, ఉమ్మాడు. మళ్ళీ ఒక దోసిలి పోసుకున్నాడు. ఈసారి ఉమ్మలేదు.

బుగ్గలు బిగబట్టి, తాపీ చేతపట్టి, నడిచాడు. పాదాల కింద సైనికులు, వర్తకులు, నర్తకి, నోరు తెరిచిన ముసలి మేస్త్రి. "తొక్కుతున్నందుకు క్షమించండి, ఇంకొక్క క్షణం" అని మనసులోనే అందరికీ మొక్కాడు. వెనక రాజుగారి పాదాలమీద మొదటి గంగాళం కుమ్మరించిన చప్పుడు అయింది.

వేదికెక్కి మాంత్రికుడి ఎదుట మోకాలిమీద వంగాడు. కింద అన్న, అన్నమీద వీడి పాదం.

"చెప్పరా కాటడా" అన్నాడు ధూమకంఠుడు. "గచ్చు గట్టిదేనా?"

మారప్ప తల ఊపాడు.

"తల కాదు. నోటితో చెప్పు."

మళ్ళీ ఊపాడు, ఇంకా గట్టిగా. రెండో గంగాళం, మూడో గంగాళం.

"మొన్న నా ఎదుటే షరతులు వాగిన నోరు ఏమైంది? ఆ బుగ్గలేమిటి?" దండం చివర వచ్చి మారప్ప గడ్డం కింద ఆనింది. "మాట్లాడు!"

అప్పుడు వినిపించింది. మొదట ఒకచోట, తర్వాత పదిచోట్ల, తర్వాత కూటమంతా. సుయ్, సుయ్, సుయ్. ఆరు నెలల దాహం ఒక్కసారి తీరుతున్న చప్పుడు. సన్నటి తెరలా వాకిలి నీళ్ళు లోపలికి పారుతున్నాయి, సందుల్లో దిగుతున్నాయి, పలకలు తాగుతున్నాయి. ఒక డాలు లేచింది. ఒక గజ్జె ఘల్లుమంది. గుర్రం సకిలించింది.

"నీళ్ళు!" ధూమకంఠుడు భయంతో రెండు కాళ్ళూ ఎత్తి ఆసనంమీద పెట్టుకున్నాడు. ఎర్రపలకమీద పాదం లేకుండా పోయింది ఆ ఒక్క క్షణమే. పగులుకు నోరానించి, ఉన్న నీళ్ళన్నీ ఊదేశాడు మారప్ప.

"అన్నా! లేవరా అన్నా!"

ఎర్రపలక ఉబ్బింది, ఎత్తయింది, భుజమైంది, మనిషైంది. భుజంమీద పొడవాటి గాయంతో భద్రప్ప లేచి కూర్చున్నాడు. తమ్ముడి బోడితలా కంటిగుడ్డా చూసి ఒక్క లిప్త తెల్లబోయాడు, మరుక్షణం గుర్తుపట్టి చెయ్యి చాచాడు. కింద యువరాజు సేన గండమయ్య ఈటెలతో కలబడింది. ముసలిరాజు తడికాళ్ళతోనే కొడుకు గుర్రం కళ్ళెం పట్టుకుని బావురుమన్నాడు.

"ఆవంపేట కుక్కా! నువ్వు వీడి తమ్ముడివా!" మాంత్రికుడి దండం దిగింది. భద్రప్ప తమ్ముణ్ణి పక్కకు లాగాడు, కానీ ఎడమచెయ్యి అందింది. వేళ్ళు చల్లబడ్డాయి, బిగిశాయి, నీలంగా మెరిశాయి. మెరుపు మణికట్టు దాటి మోచేతివైపు పాకుతోంది.

"నీళ్ళు!" అరిచాడు భద్రప్ప కిందికి చూస్తూ. ఏవీ నీళ్ళు? ఏడు గంగాళాలూ బోర్లించి ఉన్నాయి. పారినదంతా మూడువందల పలకలూ చుక్క మిగలకుండా తాగేశాయి. గచ్చు ఎండాకాలపు మధ్యాహ్నంలా పొడిగా ఉంది. అది చూసి ధూమకంఠుడు ఆసనంమీదనుంచి లేచి, పొగలు కక్కుతూ నవ్వి, దండం రెండోసారి ఎత్తాడు.

మూడు నెలలు పలకగా పడుకున్నా మేస్త్రి మేస్త్రే. తను లేచిన గుంటలో భద్రప్ప చెయ్యి ఆనింది, ఆనిన చెయ్యి అలవాటుగా కణుపుతో తట్టింది. డబ్, డబ్. అతడు ఆగాడు. ఇంకోసారి తట్టాడు. తర్వాత తమ్ముడివైపు తిరిగి, చావు నెత్తిమీద ఉందన్న సంగతి కూడా మరిచి, కేకలేశాడు.

"ఇక్కడ తట్టి చూళ్ళేదట్రా నువ్వు? ఇదంతా డొల్ల! కింద బావి ఉంది! కోట బావిని మూసి దానిమీద కూర్చున్నాడు వీడు!"

ధూమకంఠుడి నోట పొగ ఆగిపోయింది. "తట్టొద్దు!" అన్నాడు. ఆ గొంతు మొదటిసారి బతిమాలింది.

విరిగిన పిడి ఉన్న తాపీని భద్రప్ప తమ్ముడి చేతిలోంచి లాక్కుని, బలమంతా పెట్టి గుంటలో పొడిచాడు. వేదిక పెళ్ళుమంది. ఆసనం, మాంత్రికుడు, అన్న, తమ్ముడు ఒక్కసారిగా చీకట్లోకి జారిపోయారు. తలకిందులుగా పడుతున్న మారప్ప కాలు ధూమకంఠుడు పట్టుకున్నాడు. భద్రప్ప మారప్ప నడుము పట్టుకున్నాడు. అందరికంటే కిందికి, ముందుకు చాచి ఉంది మారప్ప నీలపు చెయ్యి. అడుగున ఎక్కడో నీళ్ళ చప్పుడు వినిపిస్తూనే ఉంది, నీళ్ళకంటే ముందు బావి లోపలి ఒడ్డురాయి తెల్లగా మీదికి వస్తోంది. తగిలితే మట్టిచెయ్యి పెంకులైపోతుంది.

"చెయ్యి తియ్యరా తమ్ముడూ, చెయ్యి తియ్యి!" అని అరుస్తున్నాడు అన్న. మట్టి అయిపోయిన మోచెయ్యి వంగడం లేదు.